ప్రోటాన్లను లెక్కపెట్టిందెవరు?

పోయిన సంక్రాంతి సెలవుల్లో అమ్మ తన పుట్టింటి గొలుసు మార్చడానికి బయల్దేరింది. మార్చడం అని బయటికి అన్నాం గానీ, అసలు సంగతి అమ్మడం. నా కాలేజీ ఫీజు బాకీ ఉంది. తోడుగా నేను, పదో తరగతి చదువుతున్న మా చెల్లి వెళ్ళాం.

కొట్టాయన ముందు గొలుసును కాటాలో వేశాడు. సరిగ్గా రెండు కాసులు. అమ్మ ముఖంలో కాస్త ధైర్యం కనిపించింది. తర్వాత గీటురాయి తీస్తాడనుకున్నాను. తియ్యలేదు. ఓ చిన్న పెట్టెలాంటి మిషన్‌లో గొలుసు పెట్టి మూత వేశాడు. నిమిషం గడిచిందో లేదో స్క్రీన్ మీద అంకెలు పడ్డాయి. బంగారం 84 శాతం. మిగతాది రాగి, వెండి. అది 22 క్యారట్లని చెప్పి తాతయ్య పెట్టిన గొలుసు. 22 క్యారట్లంటే 91.6 ఉండాలి. ముప్పై ఏళ్ళ కిందట తాతయ్యకి ఎవరు అమ్మారో, ఏం చెప్పి అమ్మారో ఇప్పుడు అడగడానికి తాతయ్య లేడు. అమ్మ ఏమీ అనలేదు. డబ్బు తీసుకుని సంచిలో పెట్టుకుంది.

దారిలో చెల్లి మొదలెట్టింది. గొలుసుని కరిగించలేదు, కొయ్యలేదు, యాసిడ్ కూడా వెయ్యలేదు కదా, లోపల రాగి ఉందని ఆ మిషన్‌కి ఎలా తెలిసిందన్నయ్యా అని. ఎక్స్-రే వేస్తారు, ఒక్కో మూలకం దాని పరమాణు సంఖ్యని బట్టి ఒక్కో రకంగా బదులిస్తుంది అన్నాను, ఇంజినీరింగ్ స్టూడెంట్ హోదాలో. అది ఊరుకోదు కదా. పరమాణు సంఖ్య అంటే ప్రోటాన్ల సంఖ్య అని మా పుస్తకంలోనూ ఉంది, మరి పరమాణువు లోపలికి వెళ్ళి ప్రోటాన్లను లెక్కపెట్టిందెవరు అంది.

ఇంటర్ కెమిస్ట్రీలో నాకు అరవైకి అరవై వచ్చాయి. మొదటి ముప్పై మూలకాలు నిద్రలో లేపినా అప్పచెబుతాను. కానీ ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అసలు ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు, అదే ఎక్కువ సిగ్గనిపించింది. కాలేజీకి తిరిగొచ్చాక లైబ్రరీలో కూర్చుని వెతికితే ఒక మనిషి దొరికాడు. అతని పేరు హెన్రీ మోస్లే. మన పుస్తకాల్లో ఆధునిక ఆవర్తన నియమం దగ్గర ఒక్క లైన్‌లో వచ్చి వెళ్ళిపోయే పేరు. ఒక మార్కు బిట్. ఆ ఒక్క లైన్ వెనక ఉన్న జీవితం ఇది. చెల్లికి చెప్పాలని రాసుకున్నాను, మీకూ చెబుతున్నాను.

ముందు మన ఇద్దరు పాత శత్రువుల సంగతి తేల్చుకుందాం. సోడియం గుర్తు పక్కన కింద 11, పైన 23 ఉంటాయి. కింది 11 పరమాణు సంఖ్య, అంటే కేంద్రకంలో ఎన్ని ప్రోటాన్లున్నాయో అది. పైది ద్రవ్యరాశి సంఖ్య, ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపిన మొత్తం. 23 లోంచి 11 తీసేస్తే 12 న్యూట్రాన్లు. ఇంతవరకూ అందరికీ వచ్చు. కానీ వందేళ్ళ పైచిలుకు వెనక్కి వెళితే ఈ రెండింట్లో దేనికీ ఇప్పుడున్న అర్థం లేదు. అప్పుడు రసాయన శాస్త్రవేత్తల చేతిలో ఉన్నది ఒక్కటే, పరమాణు భారం. అంటే మా కొట్టాయన కాటా లాంటిదన్నమాట. బరువు తూస్తుంది, లోపలేముందో చెప్పదు.

1869లో మెండలీవ్ మూలకాలను బరువు ప్రకారం వరసలో నిలబెట్టాడు. ఆ వరసలో ఎన్నో స్థానమో అదే పరమాణు సంఖ్య. మన క్లాసులో రోల్ నంబర్ లాంటిది. నా రోల్ నంబర్ 27 అంటే నాలో 27 ఏవో ఉన్నాయని కాదు, నా ముందు 26 మంది ఉన్నారని మాత్రమే. మూలకాల నంబర్లు కూడా అప్పటికి అంతే.

పైగా ఆ లైన్‌లో కొందరు తప్పు చోట నిలబడ్డారు. టెల్లూరియం బరువు 127.6, అయోడిన్ బరువు 126.9. బరువు ప్రకారమైతే అయోడిన్ ముందు రావాలి. కానీ అయోడిన్ గుణాలన్నీ క్లోరిన్, బ్రోమిన్ కుటుంబానివి. మెండలీవ్ గుణాలకే ఓటేసి టెల్లూరియాన్ని ముందు పెట్టాడు, దాని బరువు ఎక్కడో తప్పు కొలిచి ఉంటారనుకున్నాడు. మళ్ళీ మళ్ళీ కొలిచారు. బరువు మారలేదు. తర్వాత ఆర్గాన్ దొరికింది. దాని బరువు 39.95, దాని వెనక వచ్చే పొటాషియం 39.10. కోబాల్ట్ 58.93, నికెల్ 58.69. మూడు జంటలు అడ్డదిడ్డంగా నిలబడ్డాయి. ఎందుకో ఎవరికీ తెలియదు. ఈ చిక్కుముడి విప్పినవాడే మోస్లే.

అతను 1887 నవంబర్ 23న ఇంగ్లండ్ దక్షిణ తీరంలో వేమత్ అనే ఊళ్ళో పుట్టాడు. ఇంట్లో అందరూ హ్యారీ అనేవారు. చదువుల కుటుంబం. తండ్రి హెన్రీ నాటిడ్జ్ మోస్లే ప్రకృతి శాస్త్రవేత్త. సముద్రాలను పరిశోధించడానికి 1872లో బయల్దేరి ప్రపంచం చుట్టి వచ్చిన ఛాలెంజర్ ఓడలో వెళ్ళినవాడు, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్. తల్లి అమాబెల్. ఆమె తండ్రి గవ్వలు, నత్తగుల్లల మీద పెద్ద నిపుణుడు. ఆమె చదరంగంలో దిట్ట, 1913లో బ్రిటిష్ మహిళల ఛాంపియన్ కూడా అయింది. హ్యారీకి నాలుగేళ్ళు నిండకముందే, 1891లో తండ్రి పోయాడు. తర్వాత పెంచిందంతా తల్లే.

స్కాలర్‌షిప్ మీద ఈటన్ స్కూల్లో చదివాడు. అక్కడ ఫిజిక్స్, కెమిస్ట్రీ బహుమతులు గెలుచుకున్నాడు. 1906లో ఆక్స్‌ఫర్డ్ ట్రినిటీ కాలేజీలో చేరాడు. ఇక ఫస్ట్ క్లాస్ ఖాయం అనుకున్నారంతా. కానీ అతనికి పుప్పొడి పడదు. వేసవి వచ్చిందంటే తుమ్ములు, కళ్ళ నీళ్ళు. డిగ్రీ ఆఖరి పరీక్షలు సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చాయి. ముక్కు తుడుచుకుంటూ రాసిన ఆ పరీక్షల్లో వచ్చింది సెకండ్ క్లాసు. ఇది చదివినప్పుడు నాకైతే పుస్తకం కాసేపు మూసి పెట్టాలనిపించింది. ఆవర్తన పట్టికని సరిదిద్దిన మనిషి ఫిజిక్స్‌లో సెకండ్ క్లాసు. పరీక్ష కూడా ఒక రకం కాటాయే కదా.

1910లో మాంచెస్టర్ వెళ్ళి రూథర్‌ఫర్డ్ దగ్గర చేరాడు. మొదటి ఏడాదంతా విద్యార్థులకు పాఠాలు, ల్యాబ్‌లతోనే సరిపోయింది. ఆ పక్కనే చరిత్ర నడుస్తోంది. పరమాణువు మధ్యలో ధనావేశమున్న చిన్న కేంద్రకం ఉందని రూథర్‌ఫర్డ్ 1911లో ప్రకటించాడు. అయితే ఆ ఆవేశం ఎంత? పరమాణు భారంలో దాదాపు సగం ఉంటుందని తెలుసు, అంతే. అదే సమయంలో హాలండ్‌లో వాన్ డెన్ బ్రూక్ అనే ఆయన ఒక ఊహ చేశాడు. ఈయన లా చదివిన మనిషి, ఫిజిక్స్ సరదా. వరసలో మూలకం ఎన్నో స్థానంలో ఉందో కేంద్రకం మీద అన్ని ఆవేశాలుంటాయేమో అన్నాడు. అంటే రోల్ నంబర్ వట్టి రోల్ నంబర్ కాదేమోనన్న అనుమానం. అయితే అది ఊహ. కొలిచి చూపించేవాళ్ళు కావాలి.

కొలవడానికి సాధనం 1912లో జర్మనీ నుంచి వచ్చింది. స్ఫటికం గుండా ఎక్స్-కిరణాలు పంపితే అవి కాంతిలాగే వివర్తనం చెందుతాయని లావే బృందం చూపించింది. ఆ వార్త వినగానే మోస్లే ఇక రేడియం పని పక్కన పెట్టి ఎక్స్-కిరణాల మీద పడతానన్నాడు. రూథర్‌ఫర్డ్ మొదట ఒప్పుకోలేదు. తన ల్యాబ్‌లో ఆ పని తెలిసినవాళ్ళు లేరు మరి. మోస్లే పట్టు వదల్లేదు. లీడ్స్ వెళ్ళి విలియం బ్రాగ్ దగ్గర పని నేర్చుకుని వచ్చాడు. జోడీగా చార్లెస్ గాల్టన్ డార్విన్ దొరికాడు. అవును, ఆ డార్విన్ మనవడే.

మోస్లే పని రాక్షసుడు. రాత్రంతా ల్యాబ్‌లోనే. తెల్లవారుజామున మూడింటికి మాంచెస్టర్‌లో భోజనం ఎక్కడ దొరుకుతుందో అతనికి బాగా తెలుసునని డార్విన్ తర్వాత గుర్తు చేసుకున్నాడు. హాస్టల్లో ఉండే మనకి ఈ విద్య విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు ప్రయోగం. ఇది కొంచెం నెమ్మదిగా చదవండి.

వేగంగా వచ్చే ఎలక్ట్రాన్‌ని ఒక లోహం మీద కొడితే అది ఆ లోహపు పరమాణువులో అన్నిటికన్నా లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ని ఎగరగొడుతుంది. అక్కడ ఖాళీ పడుతుంది. పై కక్ష్యలోని ఎలక్ట్రాన్ ఆ ఖాళీలోకి దూకుతుంది. దూకినప్పుడు మిగిలిన శక్తి ఎక్స్-కిరణంగా బయటికొస్తుంది. కేంద్రకం ఎంత గట్టిగా లాగితే ఆ కిరణం పౌనఃపున్యం అంత ఎక్కువ. కేంద్రకం ఎంత గట్టిగా లాగుతుందన్నది దాని ఆవేశాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి కిరణాన్ని కొలిస్తే ఆవేశం తెలుస్తుంది. లోపలికి వెళ్ళకుండానే లోపలున్నది లెక్కపెట్టడం అంటే ఇదీ.

అయితే ఒక్కో లోహానికి గాలి తీసేసిన గొట్టాన్ని విప్పడం, లోహం మార్చడం, మళ్ళీ గాలి లాగడం అంటే రోజులు పడతాయి. మోస్లే ఒక ఉపాయం చేశాడు. గాజు గొట్టంలో చిన్న పట్టాలు వేసి, వాటి మీద బొమ్మ రైలు పెట్టె లాంటి బండి పెట్టాడు. బండి మీద లోహపు ముక్కలు వరసగా. చేపల గాలానికి కట్టే పట్టుదారంతో, ఇత్తడి ఉండల సాయంతో ఆ బండిని అటూ ఇటూ లాగేవాడు. గొట్టం విప్పకుండానే ఒక్కో లోహం ఎలక్ట్రాన్ల దారికి ఎదురుగా వచ్చి నిలబడేది. వచ్చిన కిరణాలు స్ఫటికం మీద పడి ఫొటో ప్లేటు మీద గీతలుగా పడేవి.

1913 చివర్లో మొదటి ఫలితాలు వచ్చాయి. కాల్షియం నుంచి జింక్ దాకా. ఆ ఫొటోలను ఒకదాని కింద ఒకటి పేరిస్తే గీతలు మెట్లలాగా క్రమంగా జరుగుతూ పోయాయి. జింక్‌కి బదులు ఇత్తడి వాడాడు. దాంతో ఆ ఫొటోలో జింక్ గీతలతో పాటు రాగి గీతలు కూడా పడ్డాయి. ఇత్తడి అంటే రాగి, జింక్‌ల మిశ్రమమే కదా. మా చెల్లి ప్రశ్నకి సగం జవాబు ఆ ఇత్తడి ఫొటోలోనే ఉంది. ఒక వస్తువులో రెండు లోహాలుంటే రెండూ వేరువేరుగా పేరు చెప్పుకుంటాయి.

ఆ మెట్ల లెక్క మీరే చేసి చూడొచ్చు. కాలిక్యులేటర్ తీయండి. ఈ మూడు లోహాల ప్రధాన ఎక్స్-కిరణాల తరంగదైర్ఘ్యాలు ఇప్పటి కొలతల ప్రకారం ఆంగ్‌స్ట్రామ్‌లలో ఇలా ఉంటాయి. కోబాల్ట్ 1.79, నికెల్ 1.66, రాగి 1.54. ఒకటిని వీటితో భాగించి వర్గమూలం తీయండి. వరసగా 0.747, 0.776, 0.806 వస్తాయి. ఇప్పుడు వాటిని 26, 27, 28తో భాగించండి. మూడింటికీ దాదాపు ఒకే సంఖ్య, 0.0287 లేదా 0.0288. అంటే పౌనఃపున్యపు వర్గమూలం ఒక్కో మూలకానికి సరిగ్గా ఒక్కో మెట్టు ఎక్కుతోంది. సగం మెట్టు లేదు, పావు మెట్టు లేదు. ఈ 26, 27, 28లకి ఒకటి కలిపితే 27, 28, 29. అవే కోబాల్ట్, నికెల్, రాగి పరమాణు సంఖ్యలు. ఒకటి ఎందుకు తగ్గిందంటే, లోపలి కక్ష్యలో మిగిలిపోయిన ఇంకో ఎలక్ట్రాన్ కేంద్రకం ఆకర్షణకి కొంచెం అడ్డుపడుతుంది. దూకే ఎలక్ట్రాన్‌కి ఒక ఆవేశం తగ్గినట్టే ఉంటుంది.

కాల్షియానికి, టైటానియానికి మధ్య మాత్రం రెండు మెట్ల దూరం వచ్చింది. ఆ నడిమి మెట్టు స్కాండియానిది. అతను అప్పుడు దాన్ని ప్రయోగంలో పెట్టలేదు, అయినా దాని చోటు ఖాళీగా కనిపించింది. ఇంక కోబాల్ట్ ముందా, నికెల్ ముందా అన్న తగువు తీరిపోయింది. బరువు ఏదైనా కానీ, కోబాల్ట్ 27, నికెల్ 28. రోల్ నంబర్ అనుకున్నది రోల్ నంబర్ కాదు. అది మూలకం లోపల నిజంగా ఉన్న లెక్క. అదే ఏడాది పరమాణువుకి తన నమూనా ప్రకటించిన నీల్స్ బోర్‌కి కూడా ఇది పెద్ద బలం అయింది. మోస్లేకి వచ్చిన స్థిరాంకం బోర్ సిద్ధాంతం చెప్పినదానితో సరిపోయింది.

ఆ ఏడాది చివర్లోనే మోస్లే మాంచెస్టర్ వదిలి ఆక్స్‌ఫర్డ్ వచ్చేశాడు, తల్లి దగ్గరికి. అక్కడ జీతం లేదు, టౌన్‌సెండ్ ల్యాబ్‌లో చోటు మాత్రం ఇచ్చారు. 1914 ఏప్రిల్‌లో రెండో పేపరు వచ్చింది. ఈసారి అల్యూమినియం నుంచి బంగారం వరకు. అల్యూమినియానికి 13, బంగారానికి 79. బరువైన మూలకాలకు లోపలి కక్ష్య బదులు దాని పై కక్ష్య గీతలు కొలిచాడు. ఈ మధ్యలో 43, 61, 75 స్థానాల్లో ఎవరూ లేరని, అక్కడ ఇంకా దొరకని మూలకాలున్నాయని చెప్పాడు. అప్పటిదాకా దొరకనివి ఎన్ని ఉన్నాయో కూడా ఎవరికీ తెలియదు. బరువుల మధ్య ఖాళీ ఉంటే అందులో ఒకటి పడుతుందా, మూడు పడతాయా అన్నది ఎలా చెబుతాం? పూర్ణ సంఖ్యల మధ్య అయితే ఆ సందేహమే లేదు. 42కీ 44కీ మధ్య ఉండేది 43 ఒక్కటే.

ఫ్రాన్స్ నుంచి అర్బైన్ అనే పెద్దాయన తన అరుదైన మృత్తికల నమూనాలు పట్టుకుని ఆక్స్‌ఫర్డ్ వచ్చాడు. ఒకదాన్నొకటి పోలి ఉండే ఆ మూలకాలను వేరు చెయ్యడానికి ఆయన జీవితంలో ఏళ్ళు ఖర్చయ్యాయి. అందులో సెల్టియం అనే కొత్త మూలకం ఉందని ఆయన నమ్మకం. మోస్లే వాటిని తన యంత్రంలో పెట్టి ఏమేం ఉన్నాయో కొద్ది సమయంలోనే చెప్పేశాడు. సెల్టియం మాత్రం లేదు. ఆ పెద్దాయనకి నిరాశే, కానీ ఈ పద్ధతి చూసి ఆశ్చర్యపోయి, మోస్లేని మెచ్చుకుంటూనే వెళ్ళాడు. అప్పుడు అతని వయసు 26.

ఇక్కడ ద్రవ్యరాశి సంఖ్య సంగతి చెప్పాలి, లేకపోతే కథ సగమే. నంబరు సరే, మరి బరువులెందుకు అడ్డదిడ్డం అయ్యాయి? 1913లోనే గ్లాస్గోలో ఫ్రెడరిక్ సోడీ ఒకే స్థానంలో వేరువేరు బరువులున్న పరమాణువులు ఉండొచ్చని చెప్పి, వాటికి ఐసోటోపులని పేరు పెట్టాడు. యుద్ధం తర్వాత 1919 నుంచి ఆస్టన్ తన ద్రవ్యరాశి వర్ణపటమాపకంతో వాటిని విడదీసి చూపించాడు. 1932లో ఛాడ్విక్ న్యూట్రాన్‌ని కనిపెట్టాడు. ఇతను కూడా మాంచెస్టర్ ల్యాబ్‌లో మోస్లేతో కలిసి పనిచేసినవాడే. దాంతో ద్రవ్యరాశి సంఖ్యకి అర్థం పూర్తయింది.

ఇప్పుడు చూడండి. ప్రకృతిలో దొరికే కోబాల్ట్ అంతా ఒకటే రకం, 27 ప్రోటాన్లు, 32 న్యూట్రాన్లు, ద్రవ్యరాశి సంఖ్య 59. నికెల్‌కి 28 ప్రోటాన్లు. కానీ దానిలో మూడింట రెండొంతుల పైగా 30 న్యూట్రాన్లున్న రకం, అంటే 58. మిగతాదాంట్లో ఎక్కువ భాగం 60. సగటు తీస్తే 58.69. ప్రోటాన్ ఒకటి ఎక్కువున్నా సగటు బరువు తగ్గింది. ఆర్గాన్‌లో దాదాపు అంతా 40 రకం, పొటాషియంలో నూటికి 93 వంతులు 39 రకం. అక్కడా అదే కథ. మెండలీవ్ కాలంలో కొలిచిన బరువులు తప్పు కాదు. బరువు అడిగిన ప్రశ్నే వేరు. ద్రవ్యరాశి సంఖ్య ఒక్కో పరమాణువుది, పరమాణు భారం గుంపు సగటు, పరమాణు సంఖ్య మాత్రం మూలకం గుర్తింపు. న్యూట్రాన్ ఒకటి తగ్గినా పెరిగినా నికెల్ నికెలే. ప్రోటాన్ ఒకటి తగ్గితే అది ఇక నికెల్ కాదు, కోబాల్ట్.

ఇవేవీ మోస్లే చూడలేదు. ప్రోటాన్ అనే పేరు కూడా 1920లో గానీ రాలేదు. ప్రోటాన్లను లెక్కపెట్టిన మనిషి ఆ మాట వినకుండానే పోయాడు.

1914 వేసవిలో తల్లితో కలిసి ఆస్ట్రేలియా ప్రయాణం కట్టాడు, బ్రిటిష్ అసోసియేషన్ సమావేశాలకి. దారిలో ఉండగానే యూరప్‌లో యుద్ధం మొదలైంది. సమావేశం అవ్వగానే ఇంగ్లండ్ వచ్చి సైన్యంలో చేరాడు. ఇంట్లోవాళ్ళు, స్నేహితులు వద్దన్నారు. నువ్వు ల్యాబ్‌లోనే ఉండు, దేశానికి అదే ఎక్కువ పనికొస్తుందన్నారు. అతను వినలేదు. తన వయసువాళ్ళందరూ వెళుతుంటే తానొక్కడూ ఆగడం తప్పనుకున్నాడు. రాయల్ ఇంజినీర్స్‌లో సిగ్నల్స్ ఆఫీసర్‌గా తీసుకున్నారు. టెలిఫోన్ తీగలు, సందేశాలు చూసే పని.

1915 జూన్‌లో టర్కీలోని గల్లిపోలికి బయల్దేరాడు. సైన్యంలో ఉండగానే వీలునామా రాశాడు. తన ఆస్తంతా శాస్త్ర పరిశోధనకి వాడమని రాయల్ సొసైటీకి రాసిచ్చాడు. ఆగస్టు మొదటి వారంలో సారీ బయిర్ కొండల మీద పెద్ద దాడి మొదలైంది. న్యూజిలాండ్ వాళ్ళు, ఇంగ్లండ్ వాళ్ళతో పాటు మన భారత సైన్యంలోని గూర్ఖాలు కూడా ఆ కొండలెక్కారు. ఆగస్టు 10 తెల్లవారుజామున ముస్తఫా కెమాల్ నాయకత్వంలో టర్కీ సైన్యం పైనుంచి విరుచుకుపడింది. ఆ పోరులో మోస్లే టెలిఫోన్‌లో ఒక ఆదేశం పంపుతుండగా గుండు తలలో తగిలింది. అక్కడే ప్రాణం పోయింది. వయసు 27. కోబాల్ట్ నంబరు.

అతనికి గుర్తించిన సమాధి లేదు. గల్లిపోలి కొసన హెల్లెస్ స్మారకం మీద, ఇరవై వేల పైచిలుకు పేర్ల మధ్య అతని పేరు చెక్కి ఉంది. అతనికి ఎక్స్-కిరణాల పని నేర్పిన విలియం బ్రాగ్ చిన్న కొడుకు కూడా కొద్ది వారాలకే ఆ గల్లిపోలిలోనే పోయాడు.

రూథర్‌ఫర్డ్ కుమిలిపోయాడు. ఇలాంటివాణ్ణి తీసుకెళ్ళి ఎవరైనా చెయ్యగల పనిలో పెట్టడం ఎంత తెలివితక్కువతనమో పత్రికల్లోనే రాశాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి బ్రిటన్ శాస్త్రవేత్తల పేర్లు ముందే నమోదు చేసి, వాళ్ళను పరిశోధన పనుల్లోనే ఉంచింది. మోస్లే మరణం అందుకు ఒక కారణమని చెబుతారు. ఇక నోబెల్ బహుమతి. 1915కి అతని పేరు ప్రతిపాదించారు. బతికున్నవాళ్ళకే ఇచ్చే బహుమతి అది. ఎక్స్-కిరణాల మీద 1914లో లావేకి, 1915లో బ్రాగ్ తండ్రీకొడుకులకి, 1917లో బార్‌క్లాకి, 1924లో సీగ్‌బాన్‌కి ఇచ్చారు. మధ్యలో 1916లో ఫిజిక్స్‌కి, కెమిస్ట్రీకి ఎవరికీ ఇవ్వలేదు.

అతను ఖాళీగా చూపించిన కుర్చీలు మాత్రం ఒక్కొక్కటీ నిండాయి. సెల్టియం కాదని తేల్చాక మిగిలిన 72లో 1923లో కోపెన్‌హేగన్‌లో హాఫ్నియం దొరికింది, అదీ ఎక్స్-కిరణాల పద్ధతితోనే. 1925లో జర్మనీలో 75, రీనియం. 1937లో ఇటలీలో 43, టెక్నీషియం. 1945లో అమెరికాలో 61, ప్రొమీథియం. ఆ టెక్నీషియంతోనే ఇవాళ మన పెద్దాసుపత్రుల్లో ఎముకల స్కాన్లు తీస్తున్నారు.

మోస్లే పరిశోధన చేసింది మొత్తం నాలుగేళ్ళు. ఎక్స్-కిరణాల మీదైతే రెండేళ్ళు కూడా లేదు. అంటే మన బీటెక్‌లో సగం. ఆ రెండు పేపర్లే మన పుస్తకంలో ఒక లైన్ అయ్యాయి.

మా ఊరి బంగారం కొట్లోని మిషన్‌లో బొమ్మ రైలు బండి లేదు, ఫొటో ప్లేటు లేదు. మిగతాదంతా ఆ మాంచెస్టర్ కుర్రాడి పనే. గొలుసు మీద ఎక్స్-రే పడింది. 79 నంబరు ఒకలా, 47 నంబరు ఇంకోలా, 29 నంబరు మరోలా బదులిచ్చాయి. ఏది ఎంత గట్టిగా పలికిందో చూసి శాతం చెప్పింది మిషన్. కాటా ఎదుట రెండు కాసులుగా నిలబడ్డ గొలుసు, తన లోపల ఏముందో అక్కడ ఒప్పుకుంది. తాతయ్య అబద్ధం చెప్పి ఉండడు. ఆయన దగ్గర కాటా మాత్రమే ఉంది.

ఇదంతా ఫోన్‌లో చెల్లికి చెప్పాను. దాదాపు గంట పట్టింది. మధ్యలో అడ్డురాకుండా విన్నది. గల్లిపోలి దగ్గరికొచ్చేసరికి కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ప్రోటాన్ల సంగతి అడగలేదు. అంత తెలివైనవాణ్ణి యుద్ధానికి ఎందుకు వెళ్ళనిచ్చారన్నయ్యా అంది.

దీనికి కూడా నా దగ్గర జవాబు లేదు. ఈసారి లైబ్రరీలో దొరుకుతుందని కూడా అనుకోవడం లేదు.